ఒకే గోలీ – రెండు ఫలితాలు
నొప్పి మందు ఇవ్వడానికి భయపడే కుటుంబ సభ్యుల కోసం ఒక పాఠం



వీర్నపల్లిలో ఒక ఇల్లు ఊహించుకోండి. ముందు గదిలో మంచం మీద ఇంటి పెద్దాయన పడుకొని ఉన్నాడు. సిరిసిల్లలో ఏళ్ళ తరబడి సాంచాల మీద పనిచేసిన మనిషి. గొంతులో మొదలైన క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఆపరేషన్ అయింది, కరెంటు పెట్టించారు, ఇక జబ్బు తగ్గదని డాక్టరుగారు చెప్పేశారు. రాత్రి పది దాటిందంటే నొప్పి మొదలవుతుంది. పక్కకు తిరగలేడు. పళ్ళు బిగపట్టి గోడవైపు చూస్తూ తెల్లవార్లూ గడుపుతాడు.

ఆసుపత్రిలో మార్ఫిన్ గోలీలు ఇచ్చారు. బిడ్డ వాటిని తెచ్చి బీరువాలో పెట్టింది గాని, వేయడానికి చెయ్యి రావడం లేదు. దుబాయిలో ఉన్న తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, ఆ గోలీలు వెయ్యకు. అవి వేస్తే బాపు పానం పోతదట" అన్నాడు. పక్కింటి పెద్దమ్మ మాత్రం, "ఆ నొప్పి ఎట్ల చూస్తున్నవ్ బిడ్డా? వెయ్యరాదు" అంటుంది. తల్లి ఏమీ అనదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంది.

ఈ ఇల్లు మేము ఊహించినదే. కాని ఈ భయం మాత్రం ఎన్నో ఇళ్ళలో ఉన్నదే. మీ ఇంట్లోనూ ఉండవచ్చు. ఆ బిడ్డ మనసులోని ప్రశ్న ఇది: మేలు కోరి చేసే పనిలో కీడు కూడా జరగవచ్చని ముందే తెలిసినప్పుడు, ఆ పని చేయవచ్చా? చేస్తే ఆ కీడు నా మీద పడుతుందా?

ఈ పాఠంలో ఈ ప్రశ్నకు జవాబు వెదుకుదాం.

మనం చేస్తున్నదే

కొంచెం ఆలోచిస్తే ఇలాంటి పనులు మనకు కొత్త కాదని తెలుస్తుంది. పసిబిడ్డకు టీకా వేయిస్తే ఆ రాత్రి జ్వరం రావచ్చని తల్లికి తెలుసు. అయినా వేయిస్తుంది. జ్వరం రావాలని ఆమె కోరిక కాదు. క్యాన్సర్‌కు కీమోథెరపీ ఇస్తే జుట్టు రాలుతుందని, వాంతులు అవుతాయని డాక్టరుగారు ముందే చెబుతారు. షుగర్ వల్ల కాలు కుళ్ళిపోతే, ప్రాణం దక్కడానికి కాలు తీసేయడానికి కుటుంబమే సంతకం పెడుతుంది. కాలు పోవడం ఎవరికీ ఇష్టం కాదు.

ఈ మూడింటిలోనూ ఒకే పనికి రెండు ఫలితాలున్నాయి. ఒకటి మనం కోరినది. రెండవది మనకు ముందే తెలిసినది, కాని కోరనిది. తెలియడం వేరు, కోరడం వేరు. ఈ తేడాను పట్టుకుంటే మిగిలిన పాఠం సులభం.

ఈ ఆలోచన ఎక్కడిది?

13వ శతాబ్దంలో ఇటలీ దేశపు క్రైస్తవ గురువు థామస్ అక్వినాస్ ఈ తేడాను స్పష్టంగా చెప్పాడు. ఒకడు మీ మీదికి చంపడానికి వచ్చాడు. మీ ప్రాణం కాపాడుకోవడానికి ఎదురు దెబ్బ కొట్టారు. అతడు చనిపోయాడు. మీరు కోరినది మీ ప్రాణరక్షణ. అతని చావు మీ ఉద్దేశానికి వెలుపల జరిగినది. అయితే అవసరానికి మించి బలం వాడితే ఆ పని న్యాయం కాకుండా పోతుందని కూడా ఆయన హెచ్చరించాడు. తరువాతి గురువులు దీనినే నాలుగు ప్రశ్నలుగా విడదీశారు. దీన్ని ద్వంద్వ ఫలిత సూత్రం అంటారు.

1957లో మత్తు వైద్యులు ఇదే నొప్పి మందు గురించి పోప్ పన్నెండవ పయస్‌ను అడిగారు. వేరే మార్గం లేనప్పుడు, నొప్పి తగ్గించడమే ఉద్దేశమైనప్పుడు, ఆయుష్షు కొంత తగ్గే అవకాశం ఉన్నా ఆ మందు ఇవ్వవచ్చని ఆయన జవాబిచ్చారు. అయితే గట్టి కారణం లేకుండా చనిపోయే మనిషిని తెలివిలేని స్థితిలో పెట్టకూడదని, తన బాధ్యతలు తీర్చుకునే అవకాశం అతనికి ఉండాలని కూడా చెప్పారు.

ఇది చర్చి వారి మాట మాత్రమే అనుకోకండి. మన దేశ చట్టంలో కూడా ఇదే ఆలోచన ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 88వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఇచ్చారు. రోగి బాధాకరమైన జబ్బుతో ఉన్నాడు. ఆపరేషన్ వల్ల చనిపోయే అవకాశం ఉందని సర్జన్‌కు తెలుసు. కాని చనిపోవాలని అతని ఉద్దేశం కాదు. రోగి మేలు కోరి, రోగి ఒప్పుకున్నాక, మంచి మనసుతో ఆపరేషన్ చేస్తాడు. ఆ సర్జన్ నేరం చేసినట్లు కాదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే నియమం 26వ సెక్షన్‌గా ఉంది.

నాలుగు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: నేను చేసే పని అసలు తప్పా?
నొప్పితో ఉన్న మనిషికి డాక్టరు రాసిన నొప్పి మందు ఇవ్వడం తప్పు పని కాదు. అది సేవ.

రెండవ ప్రశ్న: నేను కోరేది ఏమిటి?
మీ మనసును మీరే ఇలా పరీక్షించుకోవచ్చు. రాత్రి గోలీ వేశారు. తెల్లవారి బాపు కళ్ళు తెరిచి, "ఇయ్యాల మంచిగ పండుకున్న బిడ్డా" అన్నాడు. మీకు సంతోషమేనా? అయితే మీరు కోరినది నొప్పి తగ్గడమే. అలా కాక, "ఇంకా పోలేదా" అని మనసు నిరాశపడితే, మీ కోరిక వేరే ఉందన్నమాట. అలాంటి ఆలోచన వచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నెలల తరబడి సేవ చేసి అలసిన మనసుకు అలా అనిపించవచ్చు. కాని ఆ రోజు గోలీల డబ్బా ఇంకొకరి చేతికి ఇచ్చి, ఆ మాట డాక్టరుగారితోనో నర్సుతోనో చెప్పుకోండి.

మోతాదు కూడా ఉద్దేశాన్ని బయటపెడుతుంది. నొప్పి తగ్గాలని ఇచ్చేవాళ్ళు నొప్పి తగ్గగానే ఆగిపోతారు. ప్రాణం పోవాలని ఇచ్చేవాళ్ళు ఆగరు. డబ్బా ఒకటే, గోలీ ఒకటే, కాని ఆ రెండు పనులూ ఒకటి కావు.

మూడవ ప్రశ్న: ఆ కీడు ద్వారానే మేలు వస్తోందా?
ఇది కొంచెం కష్టమైన ప్రశ్న. మన తెలుగు నేల మీద జరిగిన ఒక సంఘటన దీనిని అర్థం చేసుకోవడానికి సహాయపడుతుంది. 2004 డిసెంబరులో వెంకటేశ్ అనే యువ చదరంగ క్రీడాకారుడు హైదరాబాదులో ఆసుపత్రిలో ఉన్నాడు. కండరాలు క్రమంగా క్షీణించిపోయే జబ్బు. తాను ఎలాగూ బ్రతకనని తెలిసి, తన అవయవాలు ఇతరులకు ఉపయోగపడాలని కోరుకున్నాడు. అవి పాడుకాకముందే కృత్రిమ శ్వాస తీసివేయడానికి అనుమతి ఇవ్వాలని తల్లి ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించారు. అవయవ మార్పిడికి సంబంధించిన 1994 నాటి చట్టం అందుకు వీలివ్వదు. కోర్టు అనుమతించలేదు. అదే నెలలో అతడు కన్నుమూశాడు. ఈ కథ ఆధారంగా 2022లో "సలాం వెంకీ" అనే హిందీ సినిమా కూడా వచ్చింది.

ఆ తల్లీకొడుకుల మనసు ఎంత గొప్పదో చెప్పనవసరం లేదు. అయినా వారు అడిగిన పనికీ మార్ఫిన్ ఇవ్వడానికీ ఒక తేడా ఉంది. అక్కడ కోరిన మేలు చావు ద్వారానే రావాలి. అతడు ఆ రోజు చనిపోకపోతే అవయవాలు ఇవ్వడం కుదరదు. మార్ఫిన్ విషయంలో అలా కాదు. నొప్పి తగ్గడానికి మనిషి చనిపోవలసిన అవసరం లేదు. మందే నొప్పిని తగ్గిస్తుంది. మనిషి బ్రతికి ఉండి, ఆ హాయిని తానే అనుభవిస్తాడు.

(ఇక ఫలితం లేదని తేలినప్పుడు వెంటిలేటర్ ఆపడం వేరే ప్రశ్న. దానికి సుప్రీంకోర్టు 2018లో నియమాలు ఇచ్చి, 2023లో వాటిని సులభం చేసింది. మీ ఇంట్లో అలాంటి పరిస్థితి ఉంటే డాక్టరుగారితో విడిగా మాట్లాడండి.)

నాలుగవ ప్రశ్న: కీడుకు తగినంత పెద్ద కారణం ఉందా? అంతకన్నా సురక్షితమైన దారి లేదా?
మంచి ఉద్దేశం ఒక్కటే చాలదని ఈ ప్రశ్న మనకు గుర్తు చేస్తుంది. మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర వారం వారం సూదులు వేయించుకునేవాళ్ళను మీరు చూసి ఉంటారు. వేసేవాడి ఉద్దేశం మంచిదే, నొప్పి తగ్గేదీ నిజమే. కాని కొన్ని నొప్పి సూదులు పదే పదే వేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి, స్టెరాయిడ్ సూదులు షుగర్ పెంచుతాయి, ఎముకలను బలహీనపరుస్తాయి. మోకాలి నొప్పికి ఇంతకన్నా సురక్షితమైన మార్గాలున్నాయి. కనుక అక్కడ "మంచికే చేశాం" అన్న మాట నిలబడదు. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్ నొప్పి సంగతి అలా కాదు. చిన్న మందులన్నీ వాడి చూశాక కూడా ఆ నొప్పి మనిషిని తిననివ్వదు, పడుకోనివ్వదు. అక్కడ బలమైన మందుకు బలమైన కారణం ఉంది.

మార్ఫిన్ గురించి నిజాలు

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. మార్ఫిన్ నిజంగా ప్రాణం తీస్తుందా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మెట్ల పద్ధతిని ప్రకటించింది. మొదటి మెట్టు పారాసిటమాల్ వంటి మందులు, రెండవ మెట్టు కొడీన్ వంటివి, మూడవ మెట్టు మార్ఫిన్. అదే సంస్థ అత్యవసర మందుల జాబితాలో మార్ఫిన్ ఉంది. అంటే ఇది చావుకు ముందు ఇచ్చే చివరి మందు కాదు, తీవ్రమైన నొప్పికి ఇచ్చే మందు. మార్ఫిన్ వాడుతూ నెలల తరబడి ఇంట్లో తిరిగేవాళ్ళు, మనుమలతో మాట్లాడేవాళ్ళు ఉన్నారు.

డాక్టరుగారు చిన్న మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి కొద్ది కొద్దిగా పెంచుతారు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉండవచ్చు. ఎన్నో రాత్రులు నిద్రలేని మనిషి నొప్పి తగ్గగానే నిద్రపోవడం సహజం కూడా. కొందరికి కొద్ది రోజులు వాంతి వచ్చినట్లు ఉంటుంది. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, అందుకే విరేచనం సాఫీగా కావడానికి వేరే మందు తోడుగా రాస్తారు. దాన్ని మానకండి.

శ్వాస నెమ్మదించడం నిజమైన ప్రమాదమే. కాని అది ముఖ్యంగా మోతాదు ఒక్కసారిగా ఎక్కువైనప్పుడు, లేదా కిడ్నీలు సరిగా పనిచేయనివారిలో మందు ఒంట్లో పేరుకుపోయినప్పుడు వస్తుంది. సాధారణంగా శ్వాస తగ్గడానికి ముందు గట్టి మగత వస్తుంది, కనుక జాగ్రత్తగా చూస్తే ముందే గుర్తుపట్టవచ్చు. నొప్పికి తగినట్టు సరిగా ఇచ్చిన మార్ఫిన్ ఆయుష్షును తగ్గిస్తుందన్న భయానికి వైద్యుల పరిశీలనలలో ఆధారం దొరకలేదు. నొప్పి కోసం డాక్టరు చెప్పినట్టు వాడేవారికి ఇది వ్యసనంగా మారడం కూడా అరుదు.

అంటే దుబాయిలోని తమ్ముడు భయపడినంత కీడు చాలా సందర్భాలలో అసలు జరగనే జరగదు. చివరి గంటలలో వేరే ఏ మందుకూ లొంగని బాధ ఉన్నప్పుడు, మత్తు ఇవ్వవలసి వచ్చినప్పుడు మాత్రం నాలుగు ప్రశ్నలూ పూర్తిగా అవసరమవుతాయి. అలాంటి మందు మొదలుపెట్టే ముందు రోగికి తెలివి ఉండగానే మాట్లాడవలసినవి మాట్లాడనివ్వండి. అప్పులు, పొలం కాగితాలు, క్షమాపణలు, ప్రార్థన, దూరంలో ఉన్న కొడుకుతో ఒక ఫోన్ మాట, ఇవన్నీ అప్పుడే జరగాలి.

తెలిసిన కీడుకు బాధ్యత ఉంది

"నేను కోరలేదు" అన్న మాటతో పని అయిపోదు. ముందే తెలిసిన కీడును వీలైనంత తగ్గించడం మన బాధ్యత. కనుక:

1. మామూలు మార్ఫిన్ గోలీ సుమారు 4 గంటలు పనిచేస్తుంది. డాక్టరు చెప్పిన వేళకు గడియారం చూసి ఇవ్వండి. ఒక మోతాదు మరచిపోతే రెండు కలిపి ఇవ్వకండి.
2. ఇచ్చిన ప్రతిసారీ ఒక నోటుపుస్తకంలో సమయం, నొప్పి ఎంత ఉందో రాయండి. ఒకరికంటే ఎక్కువమంది ఇచ్చే ఇంట్లో ఇది మరీ ముఖ్యం.
3. లేపినా లేవనంత మగత, శ్వాస బాగా నెమ్మదించడం, కలవరింత, ఒళ్ళు ఉలిక్కిపడడం కనిపిస్తే తరువాతి మోతాదు ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.
4. కిడ్నీ జబ్బు, ఆయాసం, వాడుతున్న నిద్ర మందులు, తాగుడు అలవాటు ఉంటే దాచకుండా ముందే చెప్పండి.
5. మీ అంతట మీరు మోతాదు పెంచకండి, హఠాత్తుగా మానకండి.
6. గోలీలు తాళం వేసి ఉంచండి. పక్కింటివాళ్ళ నడుము నొప్పికి ఒక్కటి కూడా ఇవ్వకండి. మిగిలినవి ఆసుపత్రికి తిరిగి ఇవ్వండి.
7. అన్నిటికన్నా ముందు రోగిని అడగండి. నొప్పి ఆయనది, ఒళ్ళు ఆయనది. మందు గురించి చెప్పి ఆయన మాట వినండి.

ఇవ్వకపోవడం కూడా ఒక పనే

గోలీ వేయకపోతే తన చేతికి ఏ పాపమూ అంటదని ఆ బిడ్డ అనుకుంటుంది. కాని వేయకపోవడానికి కూడా ఫలితం ఉంది, అది కూడా ముందే తెలిసినదే. ఆ రాత్రంతా తండ్రి నొప్పితో మెలికలు తిరుగుతాడు. తిండి తగ్గుతుంది, నిద్ర పోతుంది, మాట పోతుంది. కనుక రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మందు ఇచ్చే దారిలోని కీడును మాత్రమే లెక్కపెట్టి, ఇవ్వని దారిలోని కీడును లెక్కపెట్టకపోతే తూకం సరికాదు.

మన దేశం కూడా ఒకప్పుడు ఇలాగే తూకం తప్పింది. మత్తుపదార్థాల దుర్వినియోగం ఆపడానికి 1985లో చట్టం చేశారు. ఉద్దేశం మంచిదే. కాని ఆ నియమాల వల్ల మార్ఫిన్ తెప్పించుకోవడానికి ఆసుపత్రులు పలు లైసెన్సుల కోసం తిరగవలసి వచ్చింది. చాలా ఆసుపత్రులు ఆ మందునే మానుకున్నాయి. మన దేశంలోనే గసగసాల పంట పండుతుంది, అయినా మన క్యాన్సర్ రోగులకు మందు అందలేదు. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు దారి సులభం చేశారు.

మార్ఫిన్ మామూలు మందుల షాపుల్లో దొరకదు. గుర్తింపు ఉన్న ఆసుపత్రులలో దొరుకుతుంది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఇందుకు పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. మీ జిల్లా ఆసుపత్రిలో ఈ సేవ ఉందా, ఇంటికి వచ్చే "ఆలన" వాహనం మీ ఊరికి, మీ తండాకు వస్తుందా అని అడిగి తెలుసుకోండి.

తరువాత వచ్చే ప్రశ్న

చివరిగా ఒక మాట. కొన్ని వారాల తరువాత ఒక రాత్రి పన్నెండింటికి బిడ్డ గోలీ వేసింది. తెల్లవారుజామున తండ్రి కన్నుమూశాడు. కర్మకాండలన్నీ అయ్యాక, ఇల్లంతా నిశ్శబ్దమయ్యాక, ఆమెకు ఒకే ఆలోచన వచ్చింది: "ఆ గోలీ నేనే వేసిన. నేనే పానం తీసిననా?"

ఈ పుస్తకం చదివే మీలో కొందరు ఈ ప్రశ్నను ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పుకోకుండా మోస్తున్నారేమో. మీకు మేము చెప్పేది ఇది. జబ్బు ముదిరిన మనిషికి ఎప్పుడో ఒకప్పుడు చివరి గోలీ ఉంటుంది, చివరి ముద్ద ఉంటుంది, చివరి గుక్క నీళ్ళు ఉంటాయి. వాటిని ఎవరో ఒకరి చెయ్యే ఇస్తుంది. చివరిగా నీళ్ళు తాగించిన చెయ్యి ప్రాణం తీయలేదు. డాక్టరు చెప్పిన మోతాదులో, నొప్పి తగ్గాలని గోలీ వేసిన చెయ్యి కూడా ప్రాణం తీయలేదు. ప్రాణం తీసింది జబ్బు. ఆ చెయ్యి చేసింది సేవ.

అప్పటికీ మనసు ఊరుకోకపోతే ఒంటరిగా బాధపడకండి. మందు రాసిన డాక్టరుగారి దగ్గరికి వచ్చి, నోటుపుస్తకం చూపించి, ఆ రాత్రి ఏం జరిగిందో అడగండి. మనిషి పోయిన తరువాత కూడా కుటుంబం ఆసుపత్రికి రావచ్చు.

ఇంట్లో కూర్చొని మాట్లాడుకోండి

1. మన ఇంట్లో నొప్పి పడుతున్న మనిషి ఏమి కోరుతున్నారు? మనం అడిగామా?
2. మందు ఇస్తే జరిగే కీడు ఏమిటి, ఇవ్వకపోతే జరిగే కీడు ఏమిటి? రెండూ డాక్టరును అడిగామా?
3. ఇంతకన్నా ప్రమాదం తక్కువైన మార్గం ఉందా?
4. వద్దంటున్న బంధువు భయం ఏమిటి? ఆ భయానికి జవాబు ఎవరు చెప్పగలరు?

నాలుగవ ప్రశ్నకు మాత్రం మేమే జవాబు చెబుతాం. ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు దుబాయిలో ఉన్న తమ్ముడికి డాక్టరుగారి ముందే ఫోన్ కలపండి. ఫోన్ డాక్టరుగారి చేతికి ఇవ్వండి. తండ్రిని కళ్ళారా చూడలేని కొడుకు భయం కూడా ప్రేమే. అతని అనుమానాలు అతన్నే అడగనివ్వండి. ఆ రాత్రి గోలీ వేసేటప్పుడు అక్క చెయ్యి వణకకుండా ఉంటుంది.